మిరప మచ్చు, పరీక్షాశాల అంకె: పురుగుమందు అవశేషముల కొలతలో సందేహపు మేర

ఒకే కళ్ళములో ఆరిన మిరపకాయలనుండి రెండు మచ్చులు తీసి రెండు పరీక్షాశాలలకు పంపినచో, ఒక కాగితముపై 0.008 అనియు, మరియొక కాగితముపై 0.013 అనియు అంకెలు వచ్చుట కలదు. కొనువాడు పెట్టిన హద్దు 0.01 అయినప్పుడు, మొదటి కాగితము చేతబట్టిన రైతు తన సరకు నిర్దోషమనును. రెండవ కాగితము చేతబట్టిన వర్తకుడు బస్తాలు వెనుకకు తీసికొని పొమ్మనును. ఇట్టి తగవు గ్రామములోనికి వచ్చినప్పుడు పెద్దమనుష్యులు మొట్టమొదట అడుగు ప్రశ్న, "ఇద్దరిలో అబద్ధమాడినవాడెవడు?" అని. ఇద్దరును నిజమే చెప్పియుండవచ్చును. అది ఎట్లు సంభవించునో పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఇందులో లెక్కలు కొన్ని కలవు. అవి కూడిక, గుణకారము ఎరిగినవారికి కష్టమైనవి కావు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాలయందును, తెలంగాణలోని ఖమ్మం, వరంగల్ ప్రాంతములయందును మిరప ఎంతటి పంటయో సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. ఆ పంటకు పురుగు బాధయు అంతటిదే. 2021వ సంవత్సరములో నల్ల తామర పురుగులు పూతలో దిగి తోటలను పాడుచేసినప్పుడు, రైతులు ఒక మందు పని చేయలేదని మరియొకటి, అదియును చాలలేదని ఇంకొకటి కొట్టిరి. మందు కొట్టినది పురుగును చంపుటకే అయినను, దానిలో కొంత ఆకుపైనను కాయపైనను నిలుచును. ఎండ, వాన, కాలము దానిని క్రమముగా తగ్గించును. తగ్గగా మిగిలిన దానినే అవశేషమందురు.

మిరపకు మరియొక చిక్కు కలదు. పండిన కాయలు నాలుగు కిలోలు కోసి ఆరబెట్టిన, సుమారు ఒక కిలో ఎండుకాయ మిగులును. నీరు పోవును గాని మందు అంతయు నీటితో పోదు. పండుకాయలో కిలోకు 0.02 మిల్లీగ్రాము ఉన్నదనుకొందము. నాలుగు కిలోలలో 0.08 మిల్లీగ్రాము. అందులో ఏమియు తరుగకున్నచో, ఆ మొత్తము ఒక్క కిలో ఎండుకాయలోనే చేరి కిలోకు 0.08 అగును. తోటలో చిన్నదిగా కనబడిన అంకె కళ్ళములో నాలుగింతలగుట ఇందువలననే. కూరగాయలకును సుగంధద్రవ్యములకును ఒకే హద్దు పెట్టిన ఎడల రెండవవానికి కష్టము ఎక్కువగుట కూడ ఇందువలననే.

హద్దు ఎంత చిన్నది?

ఐరోపా సమాజమువారు 2005లో చేసిన నిబంధన ప్రకారము, ఒక మందునకు ఒక పంటపై ప్రత్యేకముగా హద్దు నిర్ణయింపబడనిచో, కిలోకు 0.01 మిల్లీగ్రామును సాధారణపు హద్దుగా ఎంచెదరు. జపాను దేశమువారు 2006లో ఇట్టి హద్దునే అమలులోనికి తెచ్చిరి. మన దేశపు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థయు హద్దు లేని మందులకు 0.01నే పాటించుచుండి, ఇచ్చట నమోదు కాని మందుల విషయమున సుగంధద్రవ్యములకు మాత్రము 2024 ఏప్రిల్‌లో ఆ హద్దును 0.1గా సవరించెను. ఈ సవరణ మన దేశములో అమ్ముడగు సరకునకే గాని, ఓడనెక్కి పోవు సరకునకు చెల్లదు. దిగుమతి చేసికొను దేశపు హద్దే అచ్చట హద్దు.

కిలోకు 0.01 మిల్లీగ్రాము అనగా పది కోట్ల పాళ్ళలో ఒక పాలు. నలుబది కిలోల మిరప బస్తాలో ఇది 0.4 మిల్లీగ్రాము మాత్రమే. ఒక బియ్యపు గింజ సుమారు ఇరువది మిల్లీగ్రాములు తూగునని ఎంచినచో, ఆ గింజను ఏబది ముక్కలు చేసి అందులో ఒక ముక్కను బస్తాలో కలిపినట్లు. రెండువందల ఏబది బస్తాలకు, అనగా పది టన్నులకు, హద్దు మేరకు ఉండదగిన మందు మొత్తము నూరు మిల్లీగ్రాములు. అయిదు బియ్యపు గింజల బరువు! ఈ అయిదు గింజల బరువు ఆరు గింజలైనదా, నాలుగే అయినదా అని పరీక్షాశాలవారు తేల్చవలసియున్నది. కాటామీద బస్తాను తూచుటకును దీనికిని పోలిక లేదు.

ఇచ్చట ఒక మాట స్పష్టము చేయవలయును. 0.01 అను హద్దు విషపు గీటు కాదు. దానిని దాటిన కాయ తిన్నవారికి ఆ దినముననే కీడు కలుగునని దాని అర్థము కాదు. దాటనిది అమృతమనియు కాదు. ఆ మందు ఆ పంటపై ఉండవలసిన అవసరము లేదు గనుక, కొలువగలిగినంత చిన్న మేరకే దానిని అనుమతించుట ఆ నియమపు తాత్పర్యము. ఒక్కొక్క మందునకు ప్రత్యేకముగా నిర్ణయించిన హద్దులైతే, సరియైన సాగు పద్ధతిలో ఎంత మిగులునో చూచి, అది మనుష్యుని దేహమునకు సహింపదగినదేనా అని సరిచూచి పెట్టుదురు. అందుచేత హద్దుకు దగ్గరగానున్న అంకెను చూచి గ్రామములో కలవరపడనక్కరలేదు, ఊరకుండుటయు తగదు.

బస్తానుండి రెండు గ్రాములకు

పరీక్షాశాలలో చివరకు పరీక్షకు పోవునది రెండు గ్రాముల కారము. ఎండుకాయ ఒకటి సుమారు ఒక గ్రాము తూగును గనుక, అది రెండు కాయల బరువు. పది టన్నుల సరకునకు ఆ రెండు గ్రాములే సాక్షి. అనగా ఏబది లక్షల పాళ్ళలో ఒక పాలు. ఎన్నికలలో ఏబది లక్షల ఓటర్లుండగా ఒక్కని అభిప్రాయము అడిగి ఫలితము చెప్పినట్లున్నదని సభ్యులు నవ్వవచ్చును. కాని ఓటర్లను పొడిచేసి కలుపుటకు వీలులేదు; మిరపకాయలను కలుపవచ్చును. మచ్చు అంతటిని మెత్తగా నూరి ఏకముగా కలిపినచో, అందులోని ఏ రెండు గ్రాములైనను మొత్తమునకు సాక్ష్యమీయగలవు. నూరునప్పుడు పుట్టు వేడికి కొన్ని మందులు ఎగిరిపోవును గనుక, మంచి పరీక్షాశాలలవారు గడ్డకట్టించిన బొగ్గుపులుసు వాయువును చేర్చి చల్లగా నూరుదురు.

నూరిన కారమునకు నీరు చేర్చి నానబెట్టి, అసిటోనైట్రైల్ అను ద్రావకముతో కుదిపి, మందును దానిలోనికి దింపుదురు. ఈ పద్ధతిని క్యూచెర్స్ అందురు. 2003లో దీనిని ప్రకటించిరి. అటుపిమ్మట ఆ ద్రావకమును శుద్ధిచేసి, అణువుల బరువును గుర్తించు యంత్రములోనికి ఎక్కింతురు. యంత్రము మందును గుర్తుపట్టి ఎంత ఉన్నదో చెప్పును.

వినుటకు ఇది సులభమే. అయితే ప్రతి మెట్టునందును కొంత తేడా చేరును. కుదిపినప్పుడు మందు అంతయు దిగదు. ఎంత దిగునో తెలిసికొనుటకు, మందు లేని మిరపకారములో తెలిసిన కొలత మందును కలిపి, తిరిగి ఎంత చేతికి వచ్చునో చూతురు. నూరు పాళ్ళు కలుపగా డెబ్బదికిని నూట ఇరువదికిని మధ్య వచ్చినచో, ఐరోపా పరీక్షాశాలల మార్గదర్శక సూత్రములు ఆ పద్ధతిని అంగీకరించుచున్నవి. నూరు కలుపగా నూట ఇరువది ఎట్లు వచ్చునని అడుగవచ్చును. మందు పెరుగదు, యంత్రపు కన్ను మోసపోవును. దానికి కారణము మిరపకాయయే.

మిరపలో రంగు కలదు, ఘాటు కలదు, నూనె కలదు. ఇవియన్నియు మందుతోపాటు ద్రావకములోనికి దిగి యంత్రములో చేరును. అవి కొన్ని మందుల జాడను అణచివేయును; మరికొన్నింటి జాడను పెద్దది చేసి చూపును. వంకాయలోను టమాటాలోను ఈ బాధ స్వల్పము. మిరప, మిరియము, లవంగము మొదలైనవానిలో హెచ్చు. దీనికి ప్రతిక్రియగా, మందు లేని మిరపకాయ రసములోనే తెలిసిన కొలతలు కలిపి యంత్రమునకు ముందుగా చూపి, దానితో పోల్చి అసలు మచ్చును లెక్కింతురు. రంగు తీసివేయుటకు సన్నని బొగ్గుపొడివంటి పదార్థమును వాడుదురు. అయితే ఆ పొడి రంగుతోపాటు కొన్ని మందులను కూడ పట్టుకొనును. ఒక వైపు దిద్దిన మరియొక వైపు వంగు పనులలో ఇదియొకటి.

అమెరికా ఆహార, ఔషధ పరిపాలన శాఖలో పనిచేసిన విలియం హార్విట్జ్ అను శాస్త్రజ్ఞుడు, వేర్వేరు పరీక్షాశాలలు ఒకే మచ్చును పరీక్షించిన ఫలితములను పెద్దసంఖ్యలో పోగుచేసి, 1980లో తన సహచరులతో ఒక విశేషమును ప్రకటించెను. కొలువబడు పదార్థము నూరవ వంతునకు తగ్గినప్పుడెల్ల, పరీక్షాశాలల మధ్య తేడా సుమారు రెండింతలగును. నూటికి ఒక పాలు ఉన్న పదార్థమును కొలిచిన తేడా నూటికి నాలుగు. పదివేలకు ఒక పాలైన ఎనిమిది. పది లక్షలకు ఒక పాలైన పదునారు. పది కోట్లకు ఒక పాలైన ముప్పదిరెండు. మన 0.01 హద్దు సరిగా ఈ చివరి మెట్టుననే ఉన్నది. అటుతరువాత వచ్చిన యంత్రములు ఈ తేడాను కొంత తగ్గించినవి. తగ్గించినను అది సున్న కాలేదు, కాజాలదు.

సభ్యులు దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు. గొలుసు పట్టి గట్టును రెండుమారులు కొలిచిన రెండు అంకెలు వచ్చుట ఎరుగనివారు లేరు. అంగడి కాటాలకు సైతము 2009నాటి తూనికలు కొలతల చట్టము క్రింద ఇంతవరకు తేడా ఉండవచ్చునను మేర కలదు. ఆ మేరలోపల ఉన్న కాటాను తనిఖీ అధికారి ముద్రవేసి అనుమతించును. ఆ మేర తెలిసి తూచుట నిజాయితీ; మేర లేదని చెప్పుటయే దోషము. పరీక్షాశాల అంకెకును అట్టి మేర కలదు. దానిని కొలత అనిశ్చితి అందురు. నివేదికలో 0.014 ± 0.007 అని వ్రాసినచో, అసలు విలువ 0.007కును 0.021కిని మధ్య ఎచ్చటనో ఉండునని నూటికి తొంబది అయిదు పాళ్ళు నమ్మవచ్చునని దాని అర్థము.

మేస్త్రీ లెక్క

ఇన్ని మెట్లలో చేరిన తేడాలను కలిపి ఒక్క మేరగా ఎట్లు చెప్పుదురు? అన్నియు ఒకే దిక్కునకు పోవు కదాయని కూడినచో లెక్క పెద్దదైపోవును. ఒక తేడా పైకి పోయినప్పుడు మరియొకటి క్రిందికి పోవచ్చును. అందుచేత వర్గముల పద్ధతి వాడుదురు. ఇంటి పునాది మూల సరిచూచుటకు మేస్త్రీ ఒక వైపు మూడు అడుగులు, రెండవ వైపు నాలుగు అడుగులు గురుతుపెట్టి, ఐమూల అయిదు అడుగులు వచ్చినదా అని చూచును. మూడును నాలుగును కలిసి ఏడు కాలేదు, అయిదైనవి. మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాళ్ళు పదునారు, కలిపి ఇరువదియైదు. దాని వర్గమూలము అయిదు. పరీక్షాశాలవారి లెక్కయు ఇదే.

మచ్చు నూరి కలుపుటలో తేడా నూటికి పదునైదు, మందును దింపి యంత్రముతో కొలుచుటలో తేడా నూటికి ఇరువది అని ఉదాహరణకు అనుకొందము. పదునైదు వర్గము 225, ఇరువది వర్గము 400, మొత్తము 625. దాని వర్గమూలము 25. కావున మొత్తపు తేడా నూటికి ఇరువదియైదు. దీనిని రెండింతలు చేసినచో నూటికి ఏబది. ఇట్లు రెండింతలు చేయుటచేతనే పైన చెప్పిన తొంబది అయిదు పాళ్ళ నమ్మకము కలుగును. ఈ లెక్కలో ఒక బోధ కలదు. పెద్ద తేడాను తగ్గించనిదే చిన్న తేడాను ఎంత దిద్దినను ప్రయోజనము స్వల్పము. పదునైదును అయిదునకు తగ్గించినను మొత్తము ఇరువదియైదునుండి ఇరువదియొకటికి మించి దిగదు. ఇరువదిని పదికి తగ్గించిన, మొత్తము పదునెనిమిదికి వచ్చును.

పై ఉదాహరణ మేము కల్పించినదైనను, నూటికి ఏబది అను అంకె కల్పితము కాదు. ఐరోపాలోని అధికార పరీక్షాశాలలకు ఒకే మచ్చును పంపి వారి సామర్థ్యమును చూచు పరీక్షలు అనేక సంవత్సరములుగా జరుగుచున్నవి. వాని ఫలితములలో పరీక్షాశాలల మధ్య తేడా సగటున నూటికి ఇరువదియైదు అని తేలుటచేత, అందరికిని వర్తించునట్లుగా నూటికి ఏబదిని మేరగా వారి మార్గదర్శక సూత్రములయందు వ్రాసికొనిరి.

సందేహము ఎవరి పక్షము?

ఈ మేర తెలిసిన పిమ్మట అసలు ప్రశ్న వచ్చును. హద్దు 0.01. అంకె 0.014. మేర 0.007. సరకు తప్పినదా, నిలిచినదా?

ఐరోపా సరిహద్దు అధికారి ఇట్లు చూచును. అంకెనుండి మేరను తీసివేయును. 0.014లో 0.007 పోగా 0.007, ఇది హద్దునకు లోపలనే ఉన్నది. కావున హద్దు నిస్సందేహముగా దాటినదని చెప్పుటకు వీలులేదు. అంకె 0.021 అయినచో సగము పోగా 0.0105, హద్దు దాటినది, చర్య తీసికొనవచ్చును. అనగా అధికారి చేతిలో 0.02 దాటినపిమ్మటనే తప్పు తేలును. సందేహపు ఫలము సరకునకే దక్కును. న్యాయస్థానములో నేరము నిస్సందేహముగా రుజువు కావలెనను నియమమువంటిదే ఇది. తినువారి ఆరోగ్యమునకు వెంటనే హాని తోచుచో మాత్రము, ఇంత నమ్మకము కుదురువరకు వేచియుండక ముందుజాగ్రత్తగా చర్య తీసికొనుటకు అవకాశము కలదు.

కొనువాడు అట్లు చూడనక్కరలేదు. అతడు ఓడకు సరకెక్కించి, అచ్చట తిరస్కరింపబడినచో రెండువైపుల కిరాయి భరించువాడు. అందుచేత అతడు అంకెకు మేరను కూడును. 0.006 అయిన, సగము కలిపి 0.009, తీసికొనవచ్చును. 0.007 అయిన 0.0105, వద్దనును. హద్దు 0.01 అయినను అతని చేతిలో అది సుమారు 0.0066 అయినది. ఒకే అంకె, ఒకే హద్దు. అధికారి చేతిలో నిలిచిన సరకు వర్తకుని చేతిలో నిలువలేదు. వర్తకుడు మోసగించెనని రైతు తలచుటకు ఇదియొక హేతువు. ఒప్పందము వ్రాసికొనునప్పుడే మేరను ఎవరివైపు లెక్కింతురో తేల్చుకొనక, సరకు దించిన తరువాత వాదులాడుటయే ఇందులోని పొరపాటు అని మా అభిప్రాయము. రైతు ఉత్పత్తిదారుల సంఘము తరఫున సంతకము చేయువారు ఈ ఒక్క వాక్యము ఒప్పందములో ఉన్నదా లేదా అని చూడవలయును.

ఇక మొదట చెప్పిన రెండు కాగితముల సంగతి. 0.008కి నూటికి ఇరువదియైదు తేడా అనగా 0.002. 0.013కు 0.00325. మేస్త్రీ లెక్కను బట్టి రెండును కలిసి సుమారు 0.0038. రెండు అంకెల మధ్యనున్న ఎడము 0.005. ఎడము ఆ కలిసిన తేడాకు రెండింతలు దాటలేదు. ఒకటింబావు పైచిలుకు మాత్రమే ఉన్నది. కావున ఆ రెండు పరీక్షాశాలలు పరస్పరము విరోధించినట్లు కాదు. అవి ఒకే సంగతిని రెండు నోళ్ళతో చెప్పినవి. అయితే ఒకటి 0.008 అనియు, రెండవది 0.05 అనియు వచ్చినచో, ఎడము 0.042, కలిసిన తేడా సుమారు 0.0127; మూడింతలు దాటినది. అప్పుడు వేరు కారణము వెదకవలసియుండును. మచ్చులు వేర్వేరు బస్తాలనుండి తీసిరా? ఒక పరీక్షాశాల అసలు మందును మాత్రమే లెక్కించి, రెండవది అది మారగా ఏర్పడిన పదార్థములను కూడ కలిపినదా? దశాంశ బిందువు ప్రక్కకు జరిగినదా? ఈ చివరిది హాస్యమునకు చెప్పుటలేదు. కాగితములు నకలు వ్రాయునప్పుడు జరుగునదే.

బస్తాల మధ్య తేడా

పైన చెప్పిన నూటికి ఏబది మేర పరీక్షాశాల గుమ్మము లోపలిది. గుమ్మము వెలుపల జరిగినది అందులో చేరలేదు. సభ్యులు దీనిని ముఖ్యముగా గమనింపవలయును; ఏలయన గ్రామస్థుల చేతిలోనున్న భాగము ఇదియే, తరచుగా పెద్ద భాగమును ఇదియే.

పదిమంది రైతులు సమానముగా సరకు తెచ్చి ఒక్క రాశిగా అమ్మదలచిరనుకొందము. తొమ్మిదిమంది ఆ మందును ముట్టలేదు. పదియవవాడు కోతకు నాలుగు దినముల ముందు కొట్టెను. అతని కాయలలో కిలోకు 0.1 ఉన్నది. రాశి మొత్తమునకు సగటు తీసినచో 0.01, హద్దుమీద నిలిచియున్నది. కాని మచ్చు తీయువాడు పదియవవాని బస్తాలోనే చేయిపెట్టిన 0.1 వచ్చును, ఇతరుల బస్తాలో పెట్టిన ఏమియు రాదు. పరీక్షాశాల ఎంత నేర్పుతో కొలిచినను ఈ తేడాను మాన్పలేదు. ఒక బస్తా చూచి రాశిని నిర్ణయించుట గాని, పైనున్న నాలుగు కాయలు ఏరి పంపుట గాని పరీక్ష కాజాలదు.

అంతర్జాతీయ ఆహార ప్రమాణముల కోడెక్సు సంఘమువారు 1999లో ఇందుకు ఒక పద్ధతి వ్రాసిరి. రాశి ఏబది కిలోలకు లోపలనున్నచో కనీసము మూడు చోట్లను, ఏబదినుండి అయిదువందల కిలోలవరకు అయిదు చోట్లను, అంతకు మించినచో పది చోట్లను మచ్చు తీసి కలుపవలయును. పది అనునది కనీసపు సంఖ్య. పైన చెప్పినట్లు పదిమంది సరకు కలిసినచోట, ప్రతి రైతు బస్తాలనుండియు పై భాగమున, నడుమ, అడుగున తీసి కలుపుట యుక్తము. తాలుకాయలు విడిగా పోసియున్నచో వానికి వేరు మచ్చు తీయవలయును.

ఇంతకంటెను మేలైన ఉపాయము, సరకును కలుపకుండుట. పదియవవాని కాయలు వేరుగా ఉంచి వేరుగా పరీక్షించినచో, తొమ్మిదిమంది సరకు నిరాటంకముగా పోవును. కలిపిన పిమ్మట ఏ కాయ ఎవనిదో చెప్పువాడు లేడు. ఈ మాట చెప్పుట సులభము, గ్రామములో అమలు జరుపుట కష్టమని మేము ఎరుగుదుము. పదియవవాడు సభ్యుని బావమరిది అయిన మరియును కష్టము. అందులకే ఏ తోటలో ఏ దినమున ఏ మందు ఎంత కొట్టినది, కోతకు ఎన్ని దినముల ముందు ఆపినది వ్రాసియుంచు పుస్తకము ముందునుండియే అందరికిని ఉండవలయును. పరీక్షాంకె వచ్చిన తరువాత అడిగిన ఎవ్వరును చెప్పరు. మందు సీసాపై వ్రాసిన విరామకాలమును పాటించినవాడెవడో, పాటించనివాడెవడో ఆ పుస్తకమే చెప్పును. 2011లో సుప్రీం కోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ వంటి మందులు పాత నిల్వలో దొరికినను వాడరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

కాగితము చదువు విధము

పరీక్షాశాల నివేదిక చేతికి వచ్చినప్పుడు అంకెకు ముందు మరికొన్ని చూడవలయును. ఆ పరీక్షాశాల జాతీయ గుర్తింపు సంస్థ అయిన ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు కలదేనా? కలదనుటతో చాలదు, మిరపలో ఆ మందును కొలుచుటకు గుర్తింపు ఉన్నదా అని అడుగవలయును. నీటి పరీక్షకు గుర్తింపు పొందినవారు మిరప పరీక్షకు పొందినట్లు కాదు. 2017లో సవరింపబడిన ఐ.ఎస్.ఓ. 17025 ప్రమాణము ప్రకారము, సరకు హద్దులోపల ఉన్నదనియో దాటినదనియో పరీక్షాశాల చెప్పినచో, ఏ నియమమును బట్టి అట్లు చెప్పినదో కూడ తెలుపవలయును. మేరను తీసివేసి చెప్పిరా, కూడి చెప్పిరా, రెండును లేక అంకెను మాత్రమే హద్దుతో పోల్చిరా అని అడుగుటకు రైతునకు హక్కు కలదు. సుగంధద్రవ్యముల బోర్డువారి నాణ్యతా పరీక్షాశాల గుంటూరులోనే ఉన్నందున, ఈ ప్రశ్నలకు సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు.

"బి.ఎల్.క్యూ." అని గాని, "కనుగొనబడలేదు" అని గాని వ్రాసియున్నచో, మందు లేదని భావించరాదు. ఆ పద్ధతి నమ్మకముగా కొలువగల కనీసపు మేరకు లోపల ఉన్నదని మాత్రమే అర్థము. ఆ కనీసపు మేర 0.05 అయియుండి, కొనువాని హద్దు 0.01 అయినచో, ఆ కాగితము ఆ ఒప్పందమునకు పనికిరాదు. చెరువు లోతు చూడబోయిన కఱ్ఱ పొట్టిదైనప్పుడు అడుగు తగులలేదన్నట్లుండును.

చట్టము సంగతి కొంత చెప్పి ముగింతుము. 2006నాటి ఆహారభద్రత, ప్రమాణముల చట్టము క్రింద, రైతు చేతిలోనున్నంతవరకు పంట ఆ చట్టము చెప్పు ఆహారములో చేరదు. వర్తకుని చేతిలోనికి పోయినప్పుడు చేరును. అయినను ధర తగ్గుట రూపమున నష్టము రైతుపైనే పడుచున్నది. గ్రామములో కారము పట్టించి పొట్లములు కట్టి అమ్ము స్త్రీల సంఘములు మాత్రము చట్టమునకు లోబడినవే. వారి సరకునుండి ఆహారభద్రతా అధికారి మచ్చు తీసినప్పుడు దానిని నాలుగు భాగములు చేయును. ఒక భాగము విశ్లేషకునికి పోవును, రెండు నియుక్త అధికారి వద్ద ఉండును. అమ్మువారు కోరినచో నాలుగవదానిని గుర్తింపు గల పరీక్షాశాలకు పంపవలసియుండును. ఈ కోరిక మచ్చు తీయునప్పుడే తెలుపవలయును. విశ్లేషకుని నివేదికపై ముప్పది దినములలోపల నియుక్త అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఆయన ఉచితమని తోచినచో రెఫరల్ పరీక్షాశాలకు పంపును. దాని నిర్ణయము తుది నిర్ణయము.

ఇట్టి ఏర్పాటు రైతు, వర్తకుల మధ్య బేరములకు చట్టములో లేదు గాని, తామే చేసికొనవచ్చును. రాశినుండి తీసి కలిపిన మచ్చును మూడు భాగములు చేసి, ఒకటి రైతునకు, ఒకటి వర్తకునికి ఇచ్చి, మూడవదానిని ఇద్దరి ఎదుటను లక్కముద్ర వేసి, గాలి చొరని సంచిలో కట్టి శీతల గిడ్డంగిలో ఉంచవలయును. సంచిపై రాశి గుర్తు, బస్తాల సంఖ్య, ఎన్ని బస్తాలనుండి తీసినది, తేదీ, ఇద్దరి సంతకములు, సాక్షిగా పంచాయతీ సభ్యుని సంతకము ఉండవలయును. రెండు కాగితముల మధ్య ఎడము పైన చెప్పిన రెండింతల లెక్కను దాటినప్పుడే మూడవ సంచి విప్పి, ఇద్దరును ముందుగా ఒప్పుకొన్న పరీక్షాశాలకు పంపవలయును. దాని ఖర్చు ఎవరు భరింతురో కూడ మచ్చు తీసిన దినముననే వ్రాసికొనవలయును.